లెవల్ ఎడిటర్లు: చేతికి సులువు, బుర్రకు పని

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లెవల్ ఎడిటర్ల మీదే. ఈ పేరు కొత్తగా వింటున్నవారికి ఒక్క మాట. ఆటలోని గోడలు, గోతులు, శత్రువులు, గమ్యం, వీటన్నిటినీ ఆడేవాళ్లే తమకు నచ్చినట్టు అమర్చి ఇతరుల చేత ఆడించడానికి ఇచ్చే పనిముట్టు లెవల్ ఎడిటర్. ఇది నిన్నమొన్న పుట్టింది కాదు. 1983లో వచ్చిన లోడ్ రన్నర్‌ను 150 లెవల్స్‌తో పాటు ఎడిటర్‌ని కూడా కలిపే అమ్మారు. మరుసటి ఏడాది నింటెండో తన ఎక్సైట్‌బైక్‌లో ట్రాక్‌ని ఆడేవాళ్లే కట్టుకునే వీలు కల్పించింది. ఎంత సులువు చేస్తే ఎక్కువమంది చెయ్యి పెడతారు, ఎంత మిగిల్చితే వాళ్ల బుర్రకు పని ఉంటుంది అన్నది అప్పటి నుంచీ ఎడిటర్లు చేసేవాళ్లను వెంటాడుతూనే ఉంది. మీ ఉత్తరాల్లో చాలావాటి సారం కూడా అదే.

సందేహం: మేం నలుగురం కలిసి ఫోన్ కోసం ఒక పజిల్ గేమ్ చేస్తున్నాం. ఆడేవాళ్లకు ఎడిటర్ కూడా ఇస్తున్నాం. అందులో 60 రకాల వస్తువులున్నాయి. పరీక్షకు ఇచ్చినవాళ్లలో చాలామంది మెనూ తెరిచి, అటూ ఇటూ చూసి మూసేస్తున్నారు. వస్తువులు తగ్గించాలా? లేక రోజుకు కొన్ని చొప్పున ఇవ్వాలా?
— ఇండీ గేమ్ డెవలపర్, విశాఖపట్నం

సమాధానం: తగ్గించండి. ఏవి తీసెయ్యాలో తేల్చుకోవడానికి ఒక పని చెయ్యండి. పెద్ద కాగితం మీద 60 వస్తువుల పేర్లూ అడ్డంగానూ నిలువుగానూ రాయండి. రెండు వస్తువులు పక్కపక్కన పడితే ఆటలో ఏమవుతుందో ప్రతి గడిలో ఒక్క ముక్క రాయండి. పెట్టె నీళ్లలో పడితే తేలుతుందా? అద్దం మీద కిరణం పడితే తిరుగుతుందా? ఏ వస్తువు వరస మొత్తం ఖాళీగా ఉంటుందో అది అలంకరణ మాత్రమే. దాన్ని రెండో పేజీకి నెట్టండి. వరస నిండుగా ఉన్నవే మీ అసలు సరుకు. అవి 10 లేదా 12 తేలినా దిగులు పడకండి, అవి చాలు.

ఈ కిటుకు బాగా తెలిసిన ఆట 2015లో నింటెండో వీ యూ కన్సోల్ మీద వచ్చిన సూపర్ మారియో మేకర్. అందులో ఆకుపచ్చ తాబేలును వేలితో పట్టుకుని ఊపితే ఎర్ర తాబేలవుతుంది. ఆకుపచ్చది అంచు దాకా నడిచి కింద పడిపోతుంది, ఎర్రది అంచు చూసి వెనక్కి తిరుగుతుంది. అదే తాబేలు మీదికి పుట్టగొడుగును లాగి వదిలితే ఒళ్లు పెరుగుతుంది. రెక్కలు తగిలిస్తే ఎగురుతుంది. మెనూలో ఉన్నది ఒక్క తాబేలు బొమ్మ, దాని వెనక దాగిన రకాలు ఎన్నో. మొదటిసారి తెరిచినవాడికి మెనూ చిన్నగానే కనిపిస్తుంది. వారం తర్వాత కూడా అతనికి కొత్త కలయిక ఒకటి దొరుకుతూనే ఉంటుంది. ఐదు చుక్కల ముగ్గు వేసే చిన్నపిల్లా, ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేసే అమ్మమ్మా ముట్టుకునేది అదే పిండి, తిప్పేది అవే వేళ్లు. మీ వస్తువులు కూడా అలా ఉండాలి.

ఇక రోజుకు కొన్ని చొప్పున ఇవ్వడం గురించి. మారియో మేకర్ మొదట అదే దారి పట్టింది. వస్తువులను తొమ్మిది రోజుల్లో విడతలుగా తెరిచేలా పెట్టింది. కొత్తవాళ్లు కంగారు పడకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ చేతిలో ఆలోచన సిద్ధంగా ఉన్నవాణ్ని రేపు రమ్మనడం ఎవరికి నచ్చుతుంది? ఫిర్యాదులొచ్చాయి. రోజులు గడిచే దాకా ఆగకుండా, ఎడిటర్‌ను వాడేకొద్దీ వస్తువులు త్వరగా అందేలా దాన్ని సవరించారు. 2019లో వచ్చిన రెండో భాగంలో దాదాపు అన్నీ మొదటి నుంచే చేతికిచ్చారు. కాబట్టి గడియారాన్ని చూసి తలుపులు తెరవకండి. వాడకాన్ని చూసి తెరవండి. పెట్టెను నాలుగుసార్లు వాడినవాడికి పెట్టెతో బాగా కలిసే వస్తువు ఒకటి పక్కన మెరిస్తే చాలు.

ఇంకొక్క విషయం. మీ ఎడిటర్ ఖాళీ తెరతో మొదలవుతోందేమో చూడండి. మారియో మేకర్ తొలిసారి సగం కట్టిన లెవల్ చేతిలో పెట్టి, మిగతాది పూర్తి చెయ్యమంటుంది. తెల్లకాగితం ఎంత అనుభవం ఉన్నవాణ్నయినా బిగుసుకుపోయేలా చేస్తుంది. సగం కట్టిన గోడ చూస్తే ఎవరికైనా ఒక ఇటుక పెట్టాలనిపిస్తుంది.

సందేహం: ఎడిటర్‌కి కోడ్ రాసేది నేనొక్కణ్నే. చేయాల్సినవి చాలా ఉన్నాయి. ముందు దేని మీద సమయం పెట్టమంటారు?
— ప్రోగ్రామర్, హైదరాబాద్

సమాధానం: కట్టడానికీ ఆడి చూడటానికీ మధ్య దూరం చెరిపెయ్యడం మీద. ఒక్క బటన్ నొక్కగానే, లోడింగ్ తెర లేకుండా, చూస్తున్న చోటునుంచే ఆట మొదలవ్వాలి. మళ్లీ నొక్కితే ఎడిటర్‌లో అదే చోట తేలాలి. మిగతా సౌకర్యాలన్నీ దీని తర్వాతే.

ఎందుకంటే లెవల్ డిజైన్ అంతా ఊహించడం, ఆడి చూడటం, సరిచెయ్యడం. ఒక్కో చుట్టుకు అర నిమిషం పడితే, మూడో చుట్టుకే మనిషి "పోనీలే, బాగానే ఉంది" అని సరిపెట్టుకుంటాడు. చుట్టు రెండు సెకన్లలో ముగిస్తే ముప్పయ్యోసారి కూడా సరిచేస్తాడు. లెవల్ బాగుపడేది ఆ ముప్పయ్యోసారే.

మారియో మేకర్‌లో ఇంకో మంచి ఏర్పాటుంది. ఆడి ఆపగానే మారియో గెంతిన దారి మొత్తం గాలిలో నీడబొమ్మల వరసగా ఎడిటర్‌లో కనిపిస్తుంది. గొయ్యి దాటలేక పడిపోయారనుకోండి. అవతలి గట్టుకు అర గడి దూరంలో కాలు తప్పిన సంగతి ఆ బొమ్మల్లో కళ్లకు కడుతుంది. గట్టును ఒక గడి ఇవతలికి లాగుతారు, మళ్లీ ఆడతారు. గెంతు ఎత్తెంత, వేగమెంత అని లెక్కలు కట్టాల్సిన పనే లేదు. నాణేలు కూడా ఆ దారి వెంబడే పేర్చుకోవచ్చు. గట్టు ఎక్కడుండాలన్న నిర్ణయం మాత్రం మీదే. ఎడిటర్ ఎంతవరకు సాయపడాలి, ఎక్కడ తప్పుకోవాలి అన్నదానికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ ఇదే.

రెండోది అన్‌డూ. ఒక్క అడుగు వెనక్కి వెళ్లే అన్‌డూ చాలదు, చాలా అడుగులు పోగలగాలి. చెడిపోతుందన్న భయం ఉన్నచోట ఎవరూ ప్రయోగం చెయ్యరు.

మూడోది చాకిరీ తగ్గించడం. పోర్టల్ 2కు 2012 మేలో ఇచ్చిన పజిల్ ఎడిటర్‌లో బటన్‌ని తలుపుకు కలపాలంటే ఒకదాని నుంచి ఇంకోదానికి లింక్ పెడితే చాలు. ఆ రెండింటినీ కలుపుతూ గోడ మీద సాగే చుక్కల గీతను ఎడిటర్ తనే గీస్తుంది. గదికి దీపాలు కూడా అదే అమరుస్తుంది. ఆడేవాడు ఎప్పుడు బటన్ మీద నిలబడాలి, ఎప్పుడు దిగాలి, పెట్టె ఎక్కణ్నుంచి తేవాలి అన్నది మాత్రం మీరే ఆలోచించుకోవాలి. దీపాలు అమర్చడం చాకిరీ, పజిల్ అల్లడం సృష్టి. మీ జాబితాలో ఉన్న పనులన్నిటినీ ఈ రెండు గదుల్లోకి విడగొట్టి, మొదటి గదిలోవి ఒక్కొక్కటే యంత్రానికి అప్పగిస్తూ పొండి.

సందేహం: నేను జామెట్రీ డాష్‌లో లెవల్స్ చేస్తుంటాను. "కష్టంగా ఉంటేనే పేరొస్తుంది" అంటారు నా స్నేహితులు. ఆడినవాళ్లేమో రెండు నిమిషాల్లో విసుక్కుని వదిలేస్తున్నారు. కష్టం ఎంత ఉండాలి?
— బీటెక్ విద్యార్థి, కాకినాడ

సమాధానం: ఎంత అన్నదానికంటే ఎలాంటిది అన్నది ముందు తేల్చుకుందాం. ఓడిపోయిన ఆటగాడికి "నేను ఫలానా తప్పు చేశాను" అని తెలిస్తే మళ్లీ మొదలుపెడతాడు. "ఏం జరిగిందో అర్థం కాలేదు" అనుకుంటే ఫోన్ పక్కన పడేస్తాడు. మొదటి రకం కష్టం ఎంతున్నా భరిస్తారు. రెండో రకం చిటికెడు కూడా భరించరు. కనపడని ముల్లు, తెర అవతల నుంచి హఠాత్తుగా వచ్చిపడే గోడ, ఎటు దూకాలో సూచనే లేని గొయ్యి, ఇవన్నీ రెండో రకం.

చేసినవాడికి తన లెవల్ ఎప్పుడూ సులువే. ప్రతి ముల్లూ తనే పెట్టాడు కాబట్టి కళ్లు మూసుకుని ఆడగలడు. ఈ ప్రమాదం తెలిసే జామెట్రీ డాష్‌లో మీ లెవల్‌ని మీరే మొదటి నుంచి చివరి దాకా గెలిచి చూపిస్తే గానీ పదిమందిలో పెట్టనివ్వరు. ట్రాక్‌మేనియాలోనూ అంతే, గీసినవాడు తన ట్రాక్ మీద కారు నడిపి గమ్యం చేరాలి. ఆ సమయమే ఆ ట్రాక్‌కు కొలమానమవుతుంది. మారియో మేకర్‌లోనూ ఇదే షరతు. 2015 నవంబరులో ఆ ఆటకు చెక్‌పాయింట్లు కలిపినప్పుడు షరతు ఇంకా బిగించారు. ప్రతి చెక్‌పాయింటు నుంచీ మొదలుపెట్టి గెలిచి చూపించాలన్నారు.

ఈ షరతు నాకు ఎంతో ఇష్టం. ఎడిటర్‌ను ఇది రవ్వంత కూడా కష్టం చెయ్యదు, గోడలు పెట్టేటప్పుడు మిమ్మల్ని ఏ దారికీ నెట్టదు. కానీ మీ పనికి మీరే జవాబుదారీ అని గట్టిగా చెబుతుంది. సులువైన పనిముట్టుకు తోడుగా ఉండాల్సిన సవాలు ఇదే.

దీనికి సంబంధించి 2024లో ఒక ముచ్చట జరిగింది. వీ యూ మారియో మేకర్ సర్వర్లు ఆ ఏడాది ఏప్రిల్ 8న మూతపడ్డాయి. ఆలోపు ఒక్కరు కూడా గెలవని లెవల్స్ ఏవీ మిగలకూడదని ఆటగాళ్ల బృందం ఒకటి ఏళ్లతరబడి పట్టుబట్టి ఆడుతూ వచ్చింది. చివరికి ట్రిమ్మింగ్ ద హెర్బ్స్ అనే ఒక్క లెవల్ మిగిలింది. నిడివి చూస్తే కొన్ని సెకన్లే. వందల గంటలు పోసినా ఎవరికీ లొంగలేదు. మార్చిలో దాన్ని చేసినవాడే ముందుకొచ్చి, దాన్ని తన చేతుల్తో గెలవలేదని, యంత్రం సాయంతో బటన్లు నొక్కించి షరతు దాటించానని ఒప్పుకున్నాడు. అయినా వదలని ఆటగాడొకడు సర్వర్లు మూతపడే ముందు దాన్ని గెలిచి చూపించాడు. మనిషి చేసిన లెవల్‌ని మనిషి గెలవగలడన్న నమ్మకం మీదే అంతమంది అన్ని గంటలు పెట్టారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టేది ఈ షరతే.

మీ లెవల్‌కి పనికొచ్చే పాఠం సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవల్ చివర్లో ఉంది. ఎదురెదురుగా రెండు మెట్ల వరసలు వస్తాయి. వాటి మధ్య నేల ఉంటుంది. గెంతు తప్పినా ఏమీ కాదు, మళ్లీ ఎక్కి గెంతొచ్చు. కాస్త దూరంలో మళ్లీ అలాంటి మెట్లే వస్తాయి, ఈసారి మధ్యలో గొయ్యి. ఒక్క మాట చెప్పకుండా ముందు నేర్పించి తర్వాత పరీక్ష పెట్టారు. మీరు కొత్తగా ఏ వస్తువు పెట్టినా ముందొకసారి ప్రాణభయం లేని చోట దాన్ని చూపించండి. తర్వాత ఎంత కష్టం పెట్టినా మిమ్మల్నెవరూ తిట్టుకోరు.

సందేహం: డూమ్ రోజుల్లో ఎడిటర్ నేర్చుకోవడానికే నెలలు పట్టేది. అలా కుస్తీ పట్టినవాళ్లే నిజమైన డిజైనర్లయ్యారు. ఇప్పటి సులువు ఎడిటర్లు ఒకే మూసలో పోసిన లెవల్స్‌ను కుప్పలు పోస్తున్నాయి. మీరు కాదంటారా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

సమాధానం: సగం ఔనంటాను, సగం కాదంటాను.

డూమ్ 1993 డిసెంబరులో వచ్చింది. లెవల్స్ సమాచారాన్ని అసలు ప్రోగ్రాముతో కలపకుండా వ్యాడ్ అనే వేరే ఫైల్లో ఉంచారు కాబట్టి ఆటగాళ్లు వాటిని మార్చుకోగలిగారు. మరుసటి ఏడాదికల్లా డీఈయూ అనే ఎడిటర్‌ను ఆటగాళ్లే రాసుకున్నారు. గది కట్టాలంటే బిందువులు పెట్టాలి, గీతలు కలపాలి, ప్రతి గీతకూ ఏ వైపు లోపలో చెప్పాలి. ఒక్క గీత తిరగబడినా గది మూసుకోదు, గోడ ఉండాల్సిన చోట పాత బొమ్మలు ఒకదాని మీద ఒకటి మరకల్లా పేరుకుపోతాయి. అయినా పట్టు వదలనివాళ్లు అద్భుతాలు చేశారు. 1996లో అమ్మకానికొచ్చిన ఫైనల్ డూమ్‌లోని లెవల్స్ అలా ఇంట్లో కూర్చుని నేర్చుకున్న అభిమానులు చేసినవే. అంతవరకు మీతో ఏకీభవిస్తాను.

కానీ తిరగబడిన గీతను వెతకడం వాళ్లకు ఓపిక నేర్పింది. ఆటగాడు ఏ మలుపులో భయపడతాడో, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో నేర్పలేదు. అది ఆడించి చూస్తేనే వచ్చింది. ఎడిటర్ గడుసుదనం వల్ల మంచి డిజైనర్లు పుట్టలేదు, దాన్ని భరించగలిగిన కొద్దిమందిలో మంచి డిజైనర్లు ఉన్నారు. చెప్పుకోదగ్గ ఆలోచన ఉండి కూడా ఆ గీతల దగ్గరే ఆగిపోయినవాళ్లు ఎందరో మనకు ఎప్పటికీ తెలియదు. నన్ను బాధపెట్టేది వాళ్ల సంగతే.

ఒకే మూస అన్న ఫిర్యాదులో మాత్రం నిజం ఉంది. పనిముట్టులో లోతు లేకపోతే ఎవరు చేసినా ఒకేలా ఉంటాయి. లోతున్న పనిముట్టు ఏం చేస్తుందో వార్‌క్రాఫ్ట్ 3 చూపించింది. 2002లో ఆటతో పాటే వచ్చిన వరల్డ్ ఎడిటర్‌లో "ఇది జరిగితే అది చెయ్యి" అనే ట్రిగ్గర్లను మెనూల్లోంచి ఎంచుకుని పేర్చొచ్చు. అక్షరం కోడ్ రాయనక్కర్లేదు. అది చాలదనిపించిన రోజున అదే ట్రిగ్గర్‌ని జాస్ అనే స్క్రిప్టుగా మార్చుకుని చేత్తో దిద్దుకోవచ్చు. అంటే నిన్నటి దాకా మీరు మెనూల్లో కట్టినదే ఇవాళ మీకు కోడ్ పాఠమవుతుంది. 2003లో డోటా పుట్టింది ఆ ఎడిటర్‌లోనే. ఇవాళ ప్రపంచమంతా పోటీలు జరిగే ఆటల్లో ఒక రకం మొత్తం దాని సంతానమే.

పోర్టల్ 2 కూడా ఇదే పద్ధతి పాటించింది. సులువైన పజిల్ ఎడిటర్‌లో మొదలుపెట్టిన గదిని, నిపుణులు వాడే హ్యామర్ అనే ఎడిటర్‌లోకి తీసుకెళ్లి కొనసాగించే దారి ఉంచారు. రెండు ఎడిటర్లు ఉండటం అరుదైన సంగతేమీ కాదు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పని పారెయ్యకుండా వెళ్లగలగడమే అరుదు. చాలా కంపెనీలు ఆ మెట్లు కట్టడం మర్చిపోతాయి.

ఇంకొక సంగతి కూడా గమనించండి. హద్దులున్న ఎడిటర్లలోనూ ఎవరూ ఊహించనివి పుట్టాయి. 2008లో వచ్చిన లిటిల్ బిగ్ ప్లానెట్‌లో తాళ్లు, పిస్టన్లు, అయస్కాంత మీటలు తప్ప లెక్కలు చేసే వస్తువేదీ లేదు. వాటితోనే కూడికలు, తీసివేతలు చేసే యంత్రాన్ని కట్టారు ఆటగాళ్లు. మారియో మేకర్‌లో బటన్ ముట్టుకోకుండా మారియోని చివరి దాకా మోసుకుపోయే లెవల్స్, పరిగెడుతుంటే పాట వినిపించే లెవల్స్ పుట్టుకొచ్చాయి. అవి ఒక్క మూసలోవని మీరూ అనరు.

సందేహం: మా ప్రభుత్వ పాఠశాలలో పాత కంప్యూటర్లు కొన్నే ఉన్నాయి. ఆరు, ఏడు తరగతుల పిల్లలతో గేమ్ లెవల్స్ చేయించాలని ఉంది. ఏ ఎడిటర్‌తో మొదలుపెట్టాలి? ఊరికే బొమ్మలు పేర్చి కాలక్షేపం చేస్తారేమో అని కూడా భయంగా ఉంది.
— ఉపాధ్యాయురాలు, ఉమ్మడి వరంగల్ జిల్లా

సమాధానం: గళ్ల నోట్‌బుక్‌తో మొదలుపెట్టండి మేడమ్. 1985 నాటి మారియో లెవల్స్‌ని కూడా నింటెండో డిజైనర్లు ముందు గళ్ల కాగితం మీదే గీశారు.

ఆట పెట్టెల తోపుడు ఆట అనుకోండి. 1982లో జపాన్‌లో విడుదలైన సొకొబాన్ అది. నియమాలు రెండే: పెట్టెను తొయ్యొచ్చు, లాగకూడదు. ఒక్కసారి ఒక్క పెట్టెనే తొయ్యాలి. పిల్లలకు ఎనిమిది గళ్లు అడ్డం, ఎనిమిది గళ్లు నిలువు ఇచ్చి, రెండు పెట్టెలు, రెండు గమ్యాలు, తమకు కావలసినన్ని గోడలు గియ్యమనండి. చింతగింజలో అగ్గిపెట్టెలో పెట్టెలవుతాయి. గీసిన పిల్ల ముందు తను గెలిచి చూపించాలి. తర్వాత పక్క పిల్లకు ఇవ్వాలి. ఆ పిల్ల ఆడుతున్నంతసేపూ గీసిన పిల్ల నోరు తెరవకూడదు. మొదటి రోజు అందరూ గోడలు తెగ గీస్తారు. పెట్టె మూలకు పోతే ఇక కదలదని ఎవరో ఒకరు కనిపెడతారు. అక్కణ్నుంచి గోడలు తగ్గుతాయి, ఆలోచన పెరుగుతుంది. ఎక్కడ పెడితే అవతలి పిల్ల మూలకు తోసేస్తుందో లెక్క వేసుకుని మరీ పెడతారు. బొమ్మలు పేర్చి కాలక్షేపం చేస్తారన్న మీ భయం తీరేది అప్పుడే.

కాగితం మీద కుదిరినవాటిని కంప్యూటర్ ఎక్కించడానికి పజిల్‌స్క్రిప్ట్ ఉంది. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. లెవల్‌ను అక్షరాలతో గళ్లుగా టైప్ చేస్తే చాలు, నోట్‌బుక్ పేజీ దాదాపు ఉన్నదున్నట్టు తెర మీదకొస్తుంది. కథ చెప్పాలనుకునే పిల్లలకు బిట్సీ మంచిది. గది 16 గళ్లు అడ్డం, 16 గళ్లు నిలువు. ఒక్కో గడి బొమ్మ ఎనిమిది చుక్కలు అడ్డం, ఎనిమిది నిలువు. గదికి మూడు రంగులే. చేసిన ఆట ఒకే ఒక్క ఫైలుగా వస్తుంది, పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఇంత ఇరుకులో పిల్లలకు ఊపిరాడదని అనుకోకండి. రంగులు ఎంచుకోవడంలో గంటలు పోకుండా కాపాడేది ఆ ఇరుకే.

ముక్కలు పేర్చి కోడ్ చేసే స్క్రాచ్‌ను మూడో మెట్టుగా పెట్టుకోండి. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన మిచెల్ రెస్నిక్ తన గురువు సీమోర్ పాపర్ట్ చెప్పినదానికి ఒక మాట చేర్చాడు. మంచి పనిముట్టుకు నేల కిందకు ఉండాలి, పైకప్పు ఎత్తుగా ఉండాలి అన్నది పాపర్ట్ మాట. గోడలు విశాలంగా కూడా ఉండాలి అన్నది రెస్నిక్ చేర్పు. అంటే అందరూ ఒకే దారిలో పైకి వెళ్లనక్కర్లేదు. ఒకరు పజిల్ వైపు, ఒకరు కథ వైపు, ఒకరు పాట వైపు పోవచ్చు. మీ తరగతిలో మార్కులు వేసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

సందేహం: మా అబ్బాయికి పదకొండేళ్లు. స్విచ్‌లో మారియో మేకర్ 2 తెరిచి లెవల్స్ కడుతూ కూర్చుంటాడు. ఒక్కటీ పూర్తి చెయ్యడు. సగంలో వదిలి ఇంకోటి మొదలుపెడతాడు. ఇది మాన్పించాలా?
— ఒక తల్లి, డాలస్, అమెరికా

సమాధానం: మాన్పించకండి. ఆ వయసులో సగం కట్టి వదిలేసిన లెవల్స్ బొమ్మల పుస్తకంలో సగం గీసిన బొమ్మల్లాంటివే. పూర్తి చెయ్యమని పోరితే అదీ హోంవర్కే అయిపోతుంది.

దానికి బదులు "నీ లెవల్ నేను ఆడతాను, ఇవ్వు" అని అడగండి. మీకు ఆడటం సరిగ్గా రాకపోతే మరీ మంచిది. మీరు మొదటి గోతిలోనే పదిసార్లు పడతారు. వాడు పక్కన కూర్చుని "అమ్మా, అక్కడ కాదు, ముందు పరిగెత్తు!" అని అరుస్తాడు. అరవనివ్వండి. రేపటికి ఆ గొయ్యి ఒక గడి చిన్నదవుతుంది. ఆడేవాళ్లు ఉన్నారని తెలిస్తే పూర్తి చెయ్యాలన్న కోరిక దానంతటదే వస్తుంది. ఆ ఆటలో ఇద్దరు కలిసి ఒకే లెవల్ కట్టే వీలు కూడా ఉంది. ఆదివారం పూట ఒక కంట్రోలర్ మీరు తీసుకోండి.

సందేహం: మా ఎడిటర్‌లో బటన్ల మీద తెలుగు పేర్లు పెడితే అక్షరాలు విరిగిపోతున్నాయి. వత్తులు పక్కకు పోతున్నాయి. బొమ్మలతో సరిపెట్టమంటారా?
— గేమ్ డిజైన్ విద్యార్థిని, గుంటూరు

సమాధానం: సరిపెట్టకండి. బొమ్మను చూడగానే గుర్తుపడతారన్నది నిజమే. కానీ "దీన్ని తాకితే తలుపు తెరుచుకుంటుంది" లాంటి విషయం బొమ్మలో ఇమడదు. అక్కడ మన భాషలో ఒక్క వాక్యం ఉంటే పిల్లలు నిమిషంలో పట్టేస్తారు. గుణింతాలు, వత్తులు కలిపి చూపించే ఏర్పాటు లేని ఇంజన్లలో తెలుగు ఇలాగే విరుగుతుంది. గోడో 4లో ఆ ఏర్పాటు ఉంది, ఉచితం కూడా. 2023 మార్చిలో వచ్చిన ఆ వెర్షన్‌కు ముందువి వాడుతుంటే మారండి. తెలుగు అక్షరాలున్న ఫాంటును ప్రాజెక్టులో చేర్చడం మరవకండి.

సందేహం: సార్, నేను తొమ్మిదో తరగతి. నేను చేసిన లెవల్స్ పన్నెండు పెట్టాను. ఎవరూ ఆడటం లేదు. ఇంకా బాగా చెయ్యాలంటే ఇంకా పెద్దవి చెయ్యాలా?
— విద్యార్థి, నెల్లూరు

సమాధానం: పెద్దవి వద్దు నాన్నా, చిన్నవి చెయ్యి. నీ ఒక్కో లెవల్‌లో ఎడిటర్‌లో ఉన్న వస్తువులన్నీ వాడేస్తున్నావేమో చూసుకో. ఆడేవాళ్లకు అదేం లెవలో చెప్పుకోవడానికి ఒక్క మాట దొరకాలి. "తాబేలు మీద ఎక్కి నది దాటే లెవల్" అని చెప్పుకోగలిగితే పక్కవాడికి చెబుతారు. కాబట్టి ఈసారి ఒకే ఒక్క వస్తువు తీసుకో. నిమిషంలో అయిపోయే లెవల్ చెయ్యి. ఆ ఒక్కదాన్నే మూడు రకాలుగా వాడు.

లోకమంతా ఆడాలని ముందే చూడకు. తెలియనివాళ్లు పెట్టిన లక్షల లెవల్స్ మధ్య నీది కనబడకపోవడం నీ తప్పు కాదు. మీ క్లాసులో ముగ్గురి చేత ఆడించు. వాళ్లు ఆడుతుంటే నువ్వు మాట్లాడకుండా చూడు, ఎక్కడ ఆగారో రాసుకో. అలా దిద్దిన లెవల్‌ని గళ్ల కాగితం మీద గీసి, ఎవరు ఎక్కడ పడ్డారో గుర్తులు పెట్టి నాకు పంపు. ఈ ఉత్తరాలు రాసిన మిగతావారినీ అదే అడుగుతున్నాను. వచ్చే సంచికలో ఆ కాగితాల్లో కొన్నిటిని తీసుకుని, ఏ గడిలో ఏం మారిస్తే ఏమవుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.